పురుగు అలవాటు పడలేదు: పత్తి చేనులో ప్రకృతి వరణం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జీవపరిణామం మీద ప్రసంగం అనగానే డైనోసార్ ఎముకలతోనో, గలపాగోస్ దీవుల ఫించ్ పక్షులతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. అవి మంచి ఉదాహరణలే. కాకపోతే ఎవరో చెబితే వినాలి తప్ప మనం వెళ్లి చూసేది ఉండదు. పత్తి చేను అలా కాదు. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా ఏ చేనులోనైనా నవంబరులో ఓ ఇరవై పచ్చికాయలు కోసి చీల్చి చూడండి. లోపల గింజ తొలుస్తూ గులాబీ రంగు పురుగు కనిపించిందా, ప్రకృతి వరణానికి, అంటే నప్పినవి బతికి నప్పనివి చచ్చే ఏరివేతకు, సాక్ష్యం మీ అరచేతిలోనే ఉంది. లెక్క ప్రకారం ఆ కాయలో ఆ పురుగు బతకకూడదు. దాన్ని చంపే విషాన్ని ఆ మొక్కే తయారు చేసుకుంటోంది.

ముందు తేదీలు చెబుతాను. ఆ విషం తయారుచేసే జన్యువును చేర్చిన పత్తినే బీటీ పత్తి అంటారు. మన దేశంలో దానికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. అంతకుముందే, 2001లో, గుజరాత్‌లో నవభారత్ 151 అనే హైబ్రిడ్‌లో అనుమతి లేని బీటీ జన్యువు బయటపడింది. అంటే కాగితం మీది తేదీకన్నా ముందే పురుగు మీద ఒత్తిడి మొదలైంది. బీటీ విత్తనాల్లో మొదట వచ్చిన బోల్‌గార్డ్‌లో విషం ఒక్కటే, దాని పేరు క్రై1ఏసీ. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో దానికి తోడు క్రై2ఏబీ అనే రెండోది కూడా చేర్చారు. 2008-09 పంటకాలంలో గుజరాత్‌లోని అమ్రేలీ నుంచి సేకరించిన గులాబీ పురుగులు మొదటి విషాన్ని తట్టుకున్నాయి. 2014 వచ్చేసరికి గుజరాత్‌లోనే రెండింటినీ తట్టుకునేవి దొరికాయి. 2017 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక అన్నీ ఆ జాబితాలోకి ఎక్కాయి. 2021లో పంజాబ్ చేలల్లో పెద్ద ఎత్తున కనిపించింది.

తట్టుకుందని ఎలా తేలుస్తారు? కాయలో పురుగు కనిపించినంత మాత్రాన సరిపోదు. విత్తనం నకిలీది కావచ్చు, ఆ మొక్కలో విషం తక్కువ తయారై ఉండవచ్చు. అందుకని చేలోంచి తెచ్చిన పురుగుల్ని ల్యాబులో పెంచి, వాటి పిల్లల్ని గుడ్డు పగలగానే కృత్రిమ ఆహారం మీద వదులుతారు. ఆ ఆహారంలో విషం కొలిచి కలుపుతారు. క్రై1ఏసీకి అమెరికాలో వాడే కొలత మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. మామూలు పురుగు ఒక్కటీ మిగలని మోతాదు అది. 21 రోజుల తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. విషం కలపని ఆహారం మీద అదే గుంపు పిల్లలు ఎన్ని బతికాయో పక్కనే చూస్తారు. ఆ పోలిక లేకపోతే మిగతా లెక్కంతా వృథా.

ఇప్పుడు అసలు విషయం. ఇది ఎలా జరిగిందని అడిగితే ఊళ్లో దొరికే జవాబు ఒకటే: విషానికి పురుగు అలవాటు పడింది అని. వ్యవసాయ సిబ్బంది నోట కూడా ఇదే వస్తుంది. అలవాటంటే ఒక ప్రాణి తన బతుకులో తాను మారడం. ఇక్కడ జరిగింది అది కాదని గట్టిగా చెప్పగలం, ఎందుకంటే దీన్ని పరీక్ష చేసి తేల్చారు.

విషం ఎలా పనిచేస్తుందో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ అంటే ఇదే) అనే నేలబాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ ఇది. పురుగు పేగు క్షారగుణంతో ఉంటుంది. అక్కడ ఈ ప్రోటీన్ కరుగుతుంది, ఎంజైములు దాన్ని కత్తిరిస్తే చురుకవుతుంది. తర్వాత పేగు గోడ కణాల మీద ఉండే కాధరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టు దొరికితేనే పేగుకు చిల్లులు పడేది. పురుగు తిండి మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. కాధరిన్ తయారీకి సూచనలిచ్చే జన్యువు చెడిపోయి, ఆ ప్రోటీన్ వంకరగా తయారైందనుకోండి. విషం పేగులో ఉంటుంది కానీ పట్టుకోవడానికి చోటు దొరకదు. పురుగు బతికిపోతుంది. పురుగు ఏదో కొత్త శక్తి సంపాదించిందని అనుకుంటాం గానీ నిజానికి దాని ఒంట్లో ఒక భాగం పాడైంది. ఆ పాడైపోవడమే ఈ చేనులో కలిసొచ్చింది.

మన దేశపు చేలలోంచి తెచ్చిన నిరోధక పురుగుల్లో ఈ కాధరిన్ జన్యువును చదివినప్పుడు ఒకే తీరు దెబ్బ కనిపించలేదు. ఎనిమిది రకాల చెడిపోయిన రూపాలు దొరికాయి, ఒక్కోటి ఒక్కో చోట తెగి. విషాన్ని చూసి పురుగు ఒక ఉపాయం కనిపెట్టి ఉంటే ఇంత చిందరవందరగా ఉండదు. రాత తప్పులు ఎక్కడెక్కడో పడ్డాయి, వాటిలో పనికొచ్చినవి మిగిలాయి. రెండో విషానికి నిరోధకత ఇచ్చేది ఈ జన్యువు కాదు, ఏబీసీఏ2 అనే వేరే జన్యువు. ఈ సంగతి గుర్తుంచుకోండి, లెక్కలో మళ్లీ వస్తుంది.

మరి ఆ తప్పులు విషం తగలక ముందే ఉన్నాయా, తగిలాక వచ్చాయా? దీనికి మొదటి చక్కని జవాబు 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు ఇచ్చారు. వాళ్లు తీసుకున్నది బాక్టీరియాను, దాన్ని చంపే వైరస్‌ను. చాలా గొట్టాల్లో విడివిడిగా, కొద్దిపాటి బాక్టీరియాతో మొదలుపెట్టి పెంచారు. తర్వాత ప్రతి గొట్టాన్నీ వైరస్ పూసిన పళ్లెం మీద పోసి, బతికిన వాటిని లెక్కపెట్టారు. వైరస్ తగిలాకే నిరోధకత వచ్చేదైతే ప్రతి పళ్లెంలోనూ ఇంచుమించు ఒకే సంఖ్య రావాలి. అలా రాలేదు. కొన్నింటిలో సున్నా, కొన్నింటిలో పదుల్లో, వందల్లో. మార్పు ఒక గొట్టంలో తొలి తరాల్లోనే జరిగితే దాని సంతానం వందలవుతుంది. ఆఖరి తరంలో జరిగితే ఒకటో రెండో మిగులుతాయి. సంఖ్యల్లో ఆ ఎగుడుదిగుడే, వైరస్‌ను చూడకముందే మార్పు జరిగిపోయిందని చెప్పింది. నా లెక్కన జీవశాస్త్రంలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద ప్రశ్న తేల్చిన ప్రయోగాలు అరుదు. ఏ కాలేజీ ల్యాబులోనైనా చేయించవచ్చు, అయినా చేయించరు.

బాక్టీరియా సంగతి సరే, పురుగుల్లో? ఆస్ట్రేలియాలో గొర్రెలకు పట్టే ఒక ఈగ ఉంది. అక్కడ మలాథియాన్, డయాజినాన్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు వాడకంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. అంతకుముందు పట్టి, సూదికి గుచ్చి మ్యూజియంలో దాచిన ఈగల నుంచి డీఎన్ఏ తీసి చూశారు. మలాథియాన్‌ను తట్టుకునే జన్యు రూపం వాటిలో అప్పటికే ఉంది. ఆ మందు పేరు కూడా ఆ ఈగలకు తగలలేదు. న్యాయంగా ఇంకో ముక్క కూడా చెప్పాలి: డయాజినాన్‌ను తట్టుకునే రూపం కోసమూ అదే పాత ఈగల్లో వెతికారు, అది దొరకలేదు. అంటే అన్ని రూపాలూ సిద్ధంగా కూర్చుని ఉండవు. కొన్ని ముందే ఉంటాయి, కొన్ని తర్వాత పుడతాయి. పుట్టడం మాత్రం మందు అవసరాన్ని బట్టి జరగదు.

సరే, మనిషికి తెలియని రోజుల నుంచీ ఆ చెడిన జన్యువు గులాబీ పురుగుల్లో ఎక్కడో అక్కడ ఉంది. అరుదుగా ఉంది. దాన్ని అరుదు కాకుండా చేసింది ఏది? ఇక్కడ కాస్త లెక్క చేయాలి. లెక్కంటే భయపడకండి, కూడికలు, భాగహారాలే.

పురుగుకు ప్రతి జన్యువూ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాధరిన్ విషయంలో ఒక్క మంచి ప్రతి ఉన్నా చాలు, విషానికి పట్టు దొరుకుతుంది, పురుగు చస్తుంది. మంచి ప్రతి అంటున్నది మన వైపు నుంచి, పురుగును అడిగితే వేరే చెబుతుంది. రెండు ప్రతులూ చెడినవైతేనే బతుకుతుంది. మొత్తం ప్రతుల్లో 1 శాతం చెడినవి అనుకుందాం. యాదృచ్ఛికంగా జతకడితే పదివేల పురుగుల్లో రెండూ చెడినవి ఒకే ఒక్క దానికి వస్తాయి. ఒకటి చెడి, ఒకటి మంచిదై ఉన్నవి 198. మిగతా 9,801కి రెండూ మంచివే.

లక్ష గుడ్లు తీసుకోండి. చేనులో ఐదో వంతు నాన్‌బీటీ పత్తి ఉంది. 80,000 గుడ్లు బీటీ మీద పడ్డాయి, 20,000 నాన్‌బీటీ మీద. బీటీ మీద బతికేవి 8. నాన్‌బీటీ మీద 20,000 బతుకుతాయి, వాటిలో చెడిన ప్రతులు 1 శాతం, అంటే 40,000 ప్రతుల్లో 400. బతికిన ఎనిమిదింటి ప్రతులు 16 కలిపితే 416. మొత్తం 40,016 ప్రతులు. భాగిస్తే 1.04 శాతం. ఒక తరంలో 1 నుంచి 1.04కు పెరిగింది, అంతే.

ఇప్పుడు నాన్‌బీటీ 20 శాతం కాకుండా 1 శాతమే ఉందనుకోండి. బీటీ మీద 99,000 గుడ్లు, బతికేవి ఇంచుమించు 10. నాన్‌బీటీ మీద 1,000. చెడిన ప్రతులు అక్కడ 20, ఇక్కడ 20, మొత్తం 40. అన్ని ప్రతులూ 2,020. భాగిస్తే దాదాపు 2 శాతం. ఒకే తరంలో రెట్టింపు! దీన్నే ముందుకు నడిపించండి. రెండో తరానికి 5.6 శాతం, మూడో తరానికి 28, నాలుగో తరానికి 92. మొదటి చేనులో నాలుగు తరాల తర్వాత ఎంత? 1.2 శాతం లోపే. గులాబీ పురుగు ఒక పంటకాలంలో నాలుగు నుంచి ఆరు తరాలు తీస్తుంది. గుడ్డు పగలడానికి నాలుగైదు రోజులు, కాయలో పురుగుగా రెండు వారాల లోపు, ప్యూపాగా, అంటే రెక్కలొచ్చే ముందు దశలో, వారం పైన. నెల తిరిగేసరికి కొత్త రెక్కల పురుగు.

ఈ లెక్కలో నేను కొన్ని సులభం చేసుకున్నాను. రెండు చెడిన ప్రతులున్నది పూర్తిగా బతుకుతుందని, ఒకటే ఉన్నది పూర్తిగా చస్తుందని, నిరోధకతకు ఖర్చేమీ లేదని, చేనంతా కలగలిసి జతకడతాయని. నిజం చేనులో ఇవేవీ ఇంత శుభ్రంగా ఉండవు. ఉండకపోవడం వల్ల మనకు నష్టమే ఎక్కువ జరిగింది. ఎలాగో చెబుతాను. అంతకుముందు ఒక్క మాట. ఈ లెక్కలో ఏ పురుగూ ఏదీ నేర్చుకోలేదు, ఏదీ కోరుకోలేదు. తేడాలు ఉన్నాయి, ఆ తేడాలు పిల్లలకు సంక్రమిస్తాయి, ఆ తేడాను బట్టి బతకడం, చావడం ఉంది. ఈ మూడూ కుదిరితే చాలు, మార్పు జరిగి తీరుతుంది. డార్విన్, వాలెస్ 1858లో ప్రపంచం ముందు పెట్టింది ఇదే. జన్యువు సంగతి వాళ్లకు తెలియదు. తెలియకుండానే సరిగ్గా చెప్పారు.

నాన్‌బీటీ పత్తి చుట్టూ వేయమనడం వెనక ఉన్న తర్కం ఇదంతా. బీటీలో బతికిన అరుదైన పురుగుకు జత దొరకాలి. చుట్టూ మామూలు రెక్కల పురుగులు వేలల్లో ఉంటే, దాని జత దాదాపు కచ్చితంగా మామూలుదే అవుతుంది. పిల్లలకు ఒక చెడినది, ఒక మంచిది. అవి బీటీ కాయలో చస్తాయి. ప్రకృతి వరణాన్ని ఆపలేం కాబట్టి దాన్ని నెమ్మదింపజేసే ఏర్పాటు ఇది. అప్పటి నియమం ప్రకారం 20 శాతం విస్తీర్ణం గానీ, చుట్టూ ఐదు వరుసలు గానీ, ఏది ఎక్కువైతే అంత నాన్‌బీటీ వేయాల్సి ఉండేది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు.

ఆ చిన్న ప్యాకెట్ ఏమైందో మీకు తెలుసు. గట్టున పారేశారు, లేదా షాపులోనే వదిలేశారు. రైతును ఒక్కడినే తప్పుపట్టను. ఐదు వరుసలు పురుగుకు వదిలేస్తే ఆ నష్టం అతనిదే, లాభం ఊరంతటిదీ. పైగా ఆ ప్యాకెట్లలో కొన్నింటి మొలక శాతం నాసిగా ఉండేది. కొన్నింటిలో హైబ్రిడ్ పూత కాలానికి కలవని రకం ఉండేది. బీటీ పత్తి పూస్తున్నప్పుడు నాన్‌బీటీ పూయకపోతే రెక్కల పురుగులు ఒకే సమయంలో రావు, జతకట్టవు. వేసినవాళ్లు కూడా ఆ వరుసల మీద ఎక్కువ మందు కొట్టారు. కొడితే కాగితం మీద 20 శాతం ఉన్నది చేనులో అంతకన్నా ఎంతో తక్కువతో సమానం. ఇంకో విచిత్రం, పత్తికి బదులు కంది విత్తనం ఇవ్వడానికి కూడా అనుమతి ఉండేది. కంది శనగపచ్చ పురుగుకు పనికొస్తుంది. గులాబీ పురుగు కంది ముట్టదు. దానికి పత్తే కావాలి, పత్తి కుటుంబం దాటి దాదాపు బయటికి పోదు.

ఈ శనగపచ్చ పురుగు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ప్రకృతి మనకు తెలియకుండానే ఒక పోలిక ప్రయోగం చేసి పెట్టింది. రెండు పురుగులూ అదే చేనులో, అదే బీటీ పత్తి మీద, అదే ఏళ్లలో ఉన్నాయి. 1990లలో రైతుల్ని ముంచింది శనగపచ్చ పురుగే. పైరిథ్రాయిడ్లు అనే పురుగుమందులను తట్టుకోవడంలో అది ముందుంది. బీటీని తట్టుకోవడంలో గులాబీ పురుగు ముందు గెలవడమేమిటి? శనగపచ్చ పురుగు శనగ తింటుంది, కంది తింటుంది, టమాటా, మిరప, పొద్దుతిరుగుడు తింటుంది. వీటిలో ఏదీ బీటీ కాదు. ఎవరూ ప్యాకెట్ ఇవ్వకుండానే దానికి లక్షల ఎకరాల నాన్‌బీటీ ఆశ్రయం ఉంది. గులాబీ పురుగుకు పత్తి ఒక్కటే, ఆ పత్తిలో పదేళ్లకే 90 శాతానికి పైగా బీటీ. పైన చెప్పిన లెక్క ఏ పురుగు ముందు లొంగకుండా పోతుందని చెబుతుందో, అదే ముందు లొంగకుండా పోయింది.

ఇప్పుడు లెక్క శుభ్రంగా లేని చోటు. మనం వేసేది హైబ్రిడ్. దాని తల్లిదండ్రుల్లో ఒకరి వైపు నుంచే బీటీ జన్యువు వస్తే, మొక్క అంతా బీటీయే గానీ దాని కాయలోని గింజలు మాత్రం రెండో తరం. అక్కడ జన్యువులు విడిపోతాయి. రెండు విషాల జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి సగటున 16 గింజల్లో 9కి రెండు విషాలూ, 3కి ఒకటి, 3కి రెండోది, 1కి ఏదీ ఉండదు. శనగపచ్చ పురుగు ఆకు తింటుంది, గూడ (పూమొగ్గ) తింటుంది, ఎక్కడ తిన్నా విషమే. గులాబీ పురుగు పుట్టిన కాసేపటికే కాయలో దూరి గింజ మీద పడుతుంది. ఒకే కాయలో దానికి విషమున్న గింజ, లేని గింజ, సగం ఉన్న గింజ. అంటే మోతాదు తగ్గింది. పూర్తి మోతాదుకు చావాల్సిన ఒక్క చెడిన ప్రతి పురుగు కూడా ఇక్కడ కొన్నిసార్లు గట్టెక్కుతుంది. పదివేలలో ఒకటి బతకాల్సిన చోట, ఆ 198లో కొన్ని కూడా బతికితే లెక్క ఎంత వేగంగా పరుగెడుతుందో మీరే వేసుకోండి. దీనికి తోడు పంట వయసు పెరిగేకొద్దీ మొక్కలో క్రై1ఏసీ తగ్గిపోతుంది. గులాబీ పురుగు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ చివరి కాలంలోనే. మన హైబ్రిడ్లు 180 రోజులు దాటి సాగుతాయి. నీళ్లుంటే ఫిబ్రవరి, మార్చి దాకా లాగుతారు. ప్రతి అదనపు నెలా పురుగుకు ఒక తరం.

రెండు విషాల సంగతీ ఇక్కడే. ఒక్కో దానికి రెండు చెడిన ప్రతులున్న పురుగు పది లక్షల్లో ఒకటి అయితే, రెంటికీ ఉన్నది లక్ష కోట్లలో ఒకటి. దొరకనే దొరకదు. రెండు విషాలూ ఒకేసారి, మొదటి రోజు నుంచీ కలిసి వచ్చి ఉంటే ఆ మాట నిలిచేది. కానీ రెండోది వచ్చేసరికి మొదటిదాని మీద నాలుగేళ్ల వరణం జరిగిపోయింది. తర్వాత కూడా కొన్నేళ్లు ఒక్క విషం విత్తనం కూడా అమ్మారు, అది పక్క చేనులోనే పెరిగింది. ఒక గోడ అప్పటికే కూలాక రెండో గోడ ఒంటరిదే.

మన దేశంలో జరిగిందే అంతటా జరగాలని లేదు. అరిజోనాలో బీటీ పత్తి 1996లో వచ్చింది. 1997లో అక్కడి చేలల్లో చెడిన ప్రతుల నిష్పత్తి 0.16 అని తేలింది. మన ఊహా లెక్కలో పెట్టుకున్న 0.01 కన్నా అది ఎంతో ఎక్కువ, అందరూ భయపడ్డారు. తర్వాత అది పెరగకపోగా తగ్గింది. నాన్‌బీటీ చేలు నియమం ప్రకారం వేశారు, ఆ నాన్‌బీటీ పత్తి మీద రెండు చెడిన ప్రతులున్న పురుగు సరిగ్గా బతకదు. కాధరిన్ పేగుకు అవసరమైన ప్రోటీన్, అది పాడైతే విషం లేని చోట నష్టమే. 2006 నుంచి ల్యాబులో పెంచి రేడియేషన్‌తో సంతానం లేకుండా చేసిన రెక్కల పురుగుల్ని విమానాలతో వందల కోట్లలో వదిలారు. 2018 అక్టోబరులో అమెరికా పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు. చైనా కథ ఇంకా తమాషా. యాంగ్జీ లోయలో రైతులు, కంపెనీలు ఖర్చు తగ్గుతుందని బీటీ, నాన్‌బీటీ సంకరం రెండో తరం విత్తనం వేశారు. అందులో నాలుగో వంతు మొక్కలు తమంతట తామే నాన్‌బీటీ. మన కాయలో గింజలు విడిపోతే నష్టమైంది, అక్కడ మొక్కలే విడిపోవడం మేలైంది. పెరుగుతూ వచ్చిన నిరోధకత వెనక్కి తగ్గింది. ఎవరూ ఉద్దేశించని ఆశ్రయం అది. ఒకే పురుగు, ఒకే విషం, ఏర్పాటు మారితే ఫలితం మారింది. సిద్ధాంతం ముందే చెప్పిన దిశలోనే మారింది.

ఇక్కడో చీటీ వచ్చింది, చదువుతాను. "ఇంత జరిగినా పురుగు పురుగుగానే ఉంది కదా, కొత్త జాతి ఎక్కడ పుట్టింది?" న్యాయమైన ప్రశ్న. పురుగు సంగతి వదిలేసి, ఆ పురుగు తింటున్న మొక్కను చూడండి. మనం వేసే అమెరికన్ పత్తికి 52 క్రోమోజోములు. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి, పునాస పత్తి లాంటి దేశవాళీ రకాలకు 26. అమెరికా ఖండపు అడవి పత్తులకు కూడా 26, కాకపోతే అవి చిన్నవి, మన దేశవాళీవి పెద్దవి. అమెరికన్ పత్తి 52ను సూక్ష్మదర్శినిలో చూస్తే 26 పెద్దవి, 26 చిన్నవి. రెండు వంశాలు ఒక మొక్కలో కలిశాయన్నమాట. ఇది ఊహే అయితే పరీక్షించవచ్చు. 1940లో బీస్లీ అనే శాస్త్రవేత్త దేశవాళీ పత్తిని అమెరికా అడవి పత్తితో సంకరం చేశాడు. పుట్టిన మొక్క గొడ్డుది. దానికి కాల్చిసిన్ అనే రసాయనం పెట్టి క్రోమోజోములు రెట్టింపు చేస్తే అమెరికన్ పత్తితో కలిసి గింజ కట్టింది. పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట ప్రకృతిలో జరిగినదాన్ని ల్యాబులో తిరిగి చేయడం అంటే ఇదే. ఆఫ్రికా, ఆసియా వంశపు పత్తి గింజ సముద్రం మీద అటు తేలిపోయి ఉంటుందని అంచనా. తర్వాత జన్యుక్రమం మొత్తం చదివినప్పుడు కూడా రెండు సగాలూ రెండు వంశాలకే చుట్టరికం చూపించాయి. రెట్టింపైన మొక్క తన 26 క్రోమోజోముల తల్లిదండ్రులతో కలిస్తే పుట్టేవి గొడ్డువే. కొత్త జాతి అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక రైతులు అడిగే ప్రశ్న, ఇప్పుడేం చేయాలి. ఇప్పుడు 475 గ్రాముల ప్యాకెట్లలో నాన్‌బీటీ గింజ కొంత కలిపే ఇస్తున్నారు, రైతు పారేయడానికి వీల్లేకుండా. గులాబీ పురుగు ఒకే కాయలో బతుకంతా గడుపుతుంది, మొక్క నుంచి మొక్కకు తిరగదు కాబట్టి ఈ కలగలుపు దానికి నప్పుతుంది. ఒక లోపం ఉంది: పక్క బీటీ మొక్క పుప్పొడి పడితే నాన్‌బీటీ కాయలోని గింజల్లోకీ విషం వస్తుంది. ఏమైనా చెడిన ప్రతులు 1 శాతం ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది. 90 శాతం అయ్యాక దీనితో వెంటనే తిరగబడదు. విషాన్ని నమ్ముకోకుండా పురుగు తరాల్ని కోసేయాలి.

జూన్‌లో వాన పడ్డాకే విత్తండి. ముందే విత్తిన చేను, నిద్రావస్థలోంచి లేచిన తొలి రెక్కల పురుగులకు విందు. అప్పటికి గూడ లేకపోతే అవి గుడ్లు పెట్టే చోటు లేక చస్తాయి. 150, 160 రోజుల రకం ఎంచుకోండి. 45వ రోజు నుంచి మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు పెట్టండి. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే కదలాలి. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలు కనిపిస్తే ఏరి కాల్చేయండి, లోపల పురుగుంటుంది. ఇరవై పచ్చికాయల్లో రెండింట్లో పురుగుంటే మందు కొట్టే సమయం. ఒకే మందు రెండోసారి కొట్టవద్దు, పేరు మార్చి అదే వర్గం మందు కొట్టినా అదే లెక్క. నవంబరు ముందు పైరిథ్రాయిడ్లు వద్దు, తెల్లదోమ పెరుగుతుంది. డిసెంబరుతో తీత ముగించి, కట్టె పీకి ముక్కలు చేయించండి, చేను పక్క కుప్ప వేయకండి. ఎండుకాయలో, జంటగా అతుక్కున్న గింజల్లో ఆ పురుగు నెలల తరబడి నిద్రపోతుంది. పంజాబ్ దాకా వెళ్లడానికి గింజ లారీలే దారి అయి ఉంటాయి. అందుకే జిన్నింగు మిల్లుకు, నూనె మిల్లుకు దగ్గరి చేలల్లో బుట్టలు అందరికన్నా ముందు పెట్టండి. తొలి రెక్కల పురుగు సాధారణంగా అక్కడే పడుతుంది.